పొరుగున ఎవరుండవలెను?

కరీంనగరపు బస్సు స్టాండునకు చేరువనున్న పాత పేటలలో విశాలమైన పెరళ్లు గల ఇండ్లు నేటికిని కొన్ని గలవు. తెల్లవారక మునుపే ఆ వీధులూడ్చువారు, ఆ యిండ్ల బోళ్లు తోమువారు ఊరి శివారునుండి వత్తురు. వారి చాకిరి మనకు కావలెను. వారి కాపురము మాత్రము మన వీధిలో వలదు! ఇది యే న్యాయమో విచారించితిమా?

2015లో సికింద్రాబాదు రైలు స్టేషనుకు సమీపమున, భోయిగూడలోని ఐ.డి.హెచ్. కాలనీయందు, పేదలున్న చోటనే 396 రెండు పడకగదుల ఇండ్లు కట్టి యిచ్చిరి. 2023లో కొల్లూరున 15,660 ఇండ్లొక్కచోటనే వెలసినవి. అవి నగరమునకు దూరముగా, ఔటర్ రింగు రోడ్డు దాపున గలవు. గోడలెంత మంచివైన నేమి? నాలుగిండ్ల పనిచేసి బ్రతుకు స్త్రీకి ప్రొద్దంతయు దారిలోనే పోవును. ఆ సంవత్సరాంతముననే ఆర్టీసీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పించిరి, నిజమే. పోయిన ప్రొద్దును మరల నిచ్చువారెవరు?

మురుగుకాలువలు చాలవందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. కాని అదే వీధిలో పెంకుటిల్లు కూల్చి అయిదంతస్తుల అపార్టుమెంటు లేపినప్పుడు కాలువ యెట్లు చాలెను? అట్టి మేడలో రెండు మూడు వాటాలు తక్కువ అద్దెకు విడువుడని మేమనుచున్నాము. మంచిర్యాల, రామగుండములలో రైలు స్టేషనుల దాపున సర్కారు భూమి యున్నచో, వేలమునకు పెట్టక మునుపే యీ లెక్క చూడవలెను.