ఐదు గంటలకు అడ్డా మీద మిగిలినవాడు

నేటి వాక్యభాగం: మత్తయి 20:1-16

కథలు రాసేవాళ్లకు ఎక్కడికెళ్లినా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఇన్ని కథలు మీకెలా తడతాయండీ?" ఈ ఉదయం ఆ ప్రశ్నను మన ప్రభువు ముందు పెడదాం. ఆయనా కథలు చెప్పినవాడే. జనంతో ఉపమానం లేకుండా ఆయన మాట్లాడలేదని మత్తయి 13వ అధ్యాయం 34వ వచనంలో రాసిపెట్టాడు. ఇల్లు విడిచిపోయిన చిన్న కొడుకు, దారిలో ఆగిన సమరయుడు, నాణెం కోసం దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చిన ఇల్లాలు, వీళ్లందరినీ ఆయన ఊహించి మన మధ్య నిలబెట్టాడు. రెండు వేల ఏళ్లుగా వాళ్లు మన ఇళ్లలో తిరుగుతూనే ఉన్నారు.

వాళ్లకోసం ఆయన ఎంతో దూరం వెళ్లలేదు. పిండిలో కలిపిన పులిపిండి, పాత బట్టకు వేసిన మాసిక, చెరువుగట్టున వల లాగి చేపలు ఏరుకునే జాలరులు, అన్నీ ఆయన కళ్లెదుట ఉన్నవే. సమరయుడి కథకు ఆయన ఎంచుకున్నది యెరూషలేమునుంచి యెరికోకు దిగే దారి. దాదాపు వెయ్యి మీటర్ల దిగుడు, నిర్మానుష్యమైన కొండలు, దొంగల భయం. వింటున్నవాళ్లలో చాలామంది ఆ దారి ఎరిగినవాళ్లే. మనకు హొసూరు రోడ్డు ఎంత పరిచయమో వాళ్లకు ఆ దారి అంత పరిచయం.

ఇక నేటి ఉపమానం. చందాపుర సర్కిల్లో పొద్దున్నే కాసేపు నిలబడి చూసినవాళ్లకు దీని అర్థం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతుంటాయి. ఆనేకల్ వైపు పోయేవాళ్లు ఆటోల్లో సర్దుకు కూర్చుంటారు. ఆ హడావిడికి కాస్త పక్కగా, పనికోసం నిలబడ్డ మనుషులు. చేతిసంచిలో తాపీ, పార, టిఫిన్ డబ్బా. కొందరి మాటలో కదిరి యాస, కొందరి మాటలో రాయచూరు, కొందరిది ధర్మపురి. మేస్త్రి బండి దిగి వేళ్లు చూపిస్తూ ఎంతమంది కావాలో చెబుతాడు. కండబలం ఉన్న కుర్రాళ్లు ముందు వెళ్లిపోతారు. ఎండెక్కేసరికి గుంపు పలచబడుతుంది. చివరికి మిగిలేది నడుం వంగినవాళ్లు, దగ్గుతున్నవాళ్లు, భాష రానివాళ్లు.

ప్రభువు చెప్పిన యజమాని పొద్దున్నే వచ్చాడు, తొమ్మిదింటికి వచ్చాడు, పన్నెండింటికి, మూడింటికి వచ్చాడు. అక్కడితో ఆపేసినా కథ నడిచేది. కానీ ఆయన ఐదు గంటలదాకా తీసుకెళ్లాడు. పొద్దుగుంకబోతుంటే సంత వీధిలో ఇంకా కొందరు నిలబడే ఉన్నారు. ఎందుకిలా ఊరికే ఉన్నారని యజమాని అడిగితే, తమను ఎవరూ పనికి పిలవలేదని జవాబిచ్చారు. ఆ జవాబు దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఇక పని దొరకదని వాళ్లకు మధ్యాహ్నానికే తెలిసిపోయి ఉంటుంది. అయినా ఎందుకు ఇంటికి పోలేదు? పోతే గుమ్మంలో పిల్లలు చేతిసంచి వైపు చూస్తారు. భార్య ఏమీ అడగకుండా పొయ్యి దగ్గరికి వెళ్లిపోతుంది. అడ్డా మీద నిలబడి ఉన్నంతసేపూ ఆ క్షణం రాదు. ఇది వాక్యంలో రాసి లేదు, నా ఊహ. కానీ ఇంతమాత్రం ఊహించకపోతే సాయంత్రం ఆ మనిషి అరచేతిలో పడ్డ దేనారం విలువ మనకు తెలియదు. అది ఒక కూలివాడి ఒకరోజు కూలి. ఆ రాత్రికి ఇంట్లో అన్నం.

ఐదు గంటల మనిషిని ప్రభువు చూశాడు గనుకే ఆ కథ పుట్టిందని నేను నమ్ముతాను. అందరూ చూసి దాటిపోయేవాడి దగ్గర ఆగి, వీడి సంగతేమిటని అడిగే గుణం ఉన్నవాళ్లకు కథల కరువు రాదు.

మన కథకుల్లోనూ అదే చూస్తాం. రావిశాస్త్రి విశాఖపట్నంలో వకీలు. కోర్టుకెక్కిన సారా కేసుల వెనకున్న పేదవాళ్ల బతుకుల్లోంచి 'ఆరు సారా కథలు' వచ్చాయి. అదే కోర్టులో ఎంతోమంది నల్లకోట్లు తిరిగారు. కేసు కాగితాలు అందరూ చదివారు, వాటి వెనక మనిషిని ఆయన చదివాడు. గుంటూరు జిల్లా వేజెండ్లలో 1939లో పుట్టిన కొలకలూరి ఇనాక్, దళితులను దగ్గరికి రానివ్వని ఊరిబావిని చూపిస్తూ 'ఊరబావి' రాశారు. బావి అందరికీ కనిపించేదే. దాని గట్టుకు ఎంత దూరంలో ఎవరు కడవతో ఎదురుచూస్తున్నారన్నది చూడదలచినవాళ్లకే కనిపించింది.

ఈ నేలకూ కథల పంట కొత్తది కాదు. 1930లో విజయదశమినాడు, అమ్మమ్మ పెట్టిన ముహూర్తానికి, ఇదే బెంగళూరులో ఆర్‌.కె. నారాయణ్ అనే ఉద్యోగం లేని కుర్రాడు నోటుబుక్కు తెరిచి కూర్చుంటే, ఆయన మనసులోకి ఒక చిన్న రైల్వే స్టేషను వచ్చి ఆగింది. దాని పేరు మాల్గుడి. మనకు ఇంకా దగ్గరిది హొసూరు. అత్తిబెలె దాటి, రాష్ట్రం హద్దు దాటితే వచ్చేస్తుంది. బెంగళూరు, కోలారు, హొసూరు చుట్టుపక్కల నేలకు మొరసునాడని పాత పేరు. 2006లో తమిళనాడు బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసే చట్టం వచ్చాక, తమ పిల్లలకు తెలుగు దూరమవుతోందన్న బాధ అక్కడి తెలుగువాళ్లలో పెరిగింది. అయినా వాళ్లు తమ ఇంటి నుడిలో, తమ రాగి చేల గురించి, తమ జాతరల గురించి రాసుకున్నారు. 'మొరసునాడు కథలు' పేరుతో అవి పుస్తకమయ్యాయి. చందాపుర కూడా ఆ నాట్లోదే. మనం కాపురముంటున్న చోటు ఉత్త ట్రాఫిక్ సిగ్నలేనని అనుకోవడం మన అశ్రద్ధ.

నేను కథలు రాసేవాణ్ని కాదు కదా, ఇదంతా నాకెందుకని మీరు అనుకోవచ్చు. ఊహ రచయితలకు మాత్రమే ఇచ్చింది కాదు. మీ మనసు ఇప్పుడు కూడా ఏదో ఒకటి అల్లుతూనే ఉంది. నైట్ షిఫ్టుకు వెళ్లిన కొడుకు ఫోను ఎత్తకపోతే తల్లి క్షణంలో ఎన్ని ప్రమాదాలు కడుతుంది! పై అంతస్తులో అర్ధరాత్రి కుర్చీ లాగిన చప్పుడు వింటే, ముఖమైనా ఎరగని ఆ మనిషికి మనం ఎన్ని దుర్గుణాలు అంటగడతాం! మనిషి హృదయపు ఊహ ఎటు మొగ్గుతుందో ఆదికాండము 6వ అధ్యాయం కఠినంగానే చెబుతుంది. పని చెప్పకుండా వదిలేస్తే అది అనుమానాలకు, భయాలకు, పగలకు కథలు కడుతుంది. కనుక దానికి మంచి పని అప్పగించాలి.

నాతాను దావీదు దగ్గరికి వెళ్లినప్పుడు (2 సమూయేలు 12) నేరం చదివి వినిపించలేదు. ఒక పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. అది యజమాని చేతి ముద్ద తిని, అతని గిన్నెలోదే తాగి, అతని ఒడిలో పడుకునేదట. ఆ ఒడి మాట వినగానే రాజుకు, తాను భార్యను లాక్కున్న ఊరియా కనిపించి ఉండాల్సింది. కనిపించలేదు. గొర్రెపిల్లను లాక్కున్నవాడి మీద మండిపడ్డాడు. అప్పుడు ప్రవక్త వేలు రాజు వైపే తిరిగింది. అధికారం కళ్లు మూసిన మనిషిని ఒక చిన్న కథ మోకాళ్ల మీదికి తెచ్చింది.

విజ్ఞాపన ప్రార్థనలో మనం చేయవలసిందీ ఇలాంటి పనే. "లోకంలో ఉన్న అందరినీ దీవించు ప్రభువా" అని ఒక్క మాటలో ముగించేస్తాం. ఆ ప్రార్థనలో ఎవరి ముఖమూ ఉండదు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రాత్రంతా కూర్చునే వాచ్‌మన్‌కు ఊళ్లో ఎవరున్నారు? బొమ్మసంద్ర ఫ్యాక్టరీనుంచి రాత్రి పదింటికి దిగే అమ్మాయి గదికి చేరేదాకా ఎవరికి ఫోను చేస్తూ నడుస్తుంది? ఆదివారం తెలుగు ఆరాధనలో చివరి బెంచీలో కూర్చుని, చివరి పాట కాకముందే లేచిపోయే పెద్దాయన ఎందుకు అలా వెళ్లిపోతాడు? ఒక్క నిమిషం ఊహించి, ఆ తర్వాత ప్రార్థించండి. మీ ప్రార్థన మాటలే మారిపోతాయి. మీ ఊహ తప్పయినా నష్టం లేదు, ఆ మనిషి నిజం దేవునికి తెలుసు. వీలైతే మర్నాడు వెళ్లి అడగండి కూడా: "అన్నా, భోంచేశారా? మీది ఏ ఊరు?" నిజమైన కథ అక్కడ మొదలవుతుంది, చాలాసార్లు మనం ఊహించినదానికంటే పెద్దదై ఉంటుంది.

2025 ఆగస్టులో మొదలైన మెట్రో పసుపు లైను బొమ్మసంద్ర దాకా వచ్చింది. మీరు ఈ రోజు అందులో ప్రయాణం చేస్తుంటే, రెండు స్టేషన్ల మధ్య ఫోను జేబులో పెట్టి ఎదురుగా కూర్చున్న ఒక్కరిని ఎంచుకుని, వాళ్లకోసం మనసులో ప్రార్థించండి. సర్కిల్ మీదుగా వెళ్తుంటే, సాయంత్రం ఇంకా ఎవరు నిలబడి ఉన్నారో చూడండి.

ప్రార్థన: తండ్రీ, ఐదు గంటలకు మిగిలిపోయినవాణ్ని నీ కుమారుడు చూశాడు. మేము చూడకుండా దాటిపోతున్నాం, క్షమించు. మా ఊహను భయానికి, అనుమానానికి ఇవ్వకుండా నీ చేతికి అప్పగిస్తున్నాం. ఈ చందాపురలో మా పక్కన బతుకుతున్నవాళ్ల కష్టం మాకు తెలియజేయి. కథలు రాసే నీ పిల్లలకు నిజం రాసే ధైర్యం ఇవ్వు. ఈ పూట పని దొరకని మనిషి ఇంట్లో ఈ రాత్రి పొయ్యి వెలిగించు, దానికి మా చేతులు కావలసివస్తే వాడుకో. యేసు నామమున, ఆమేన్.