బల్ల దగ్గర ఎవరున్నారు?

ప్లేటో 'సింపోజియం'ని మనం ప్రేమతత్వం గురించిన గ్రంథంగా చదువుకుంటాం. ఆ గ్రీకు మాటకి అసలర్థం కలిసి తాగడం. ఇవాళ సదస్సులకి పెట్టుకునే ఆ గౌరవనీయమైన పేరు మగవాళ్ళ మందు విందుదన్నమాట! అగథాన్ ఇంట్లో చేరిన పెద్దమనుషులు, ముందురోజు తాగింది ఇంకా దిగలేదు కాబట్టి ఈ రాత్రికి తక్కువ తాగి ఎక్కువ మాట్లాడుకుందామనుకుంటారు. అలా అనుకోగానే వేణువు వాయించడానికొచ్చిన అమ్మాయిని పంపించేస్తారు. తనకు తాను వాయించుకున్నా సరే, లోపలి ఆడవాళ్ళకి వినిపించినా సరే, ఇక్కడ మాత్రం వద్దు. తర్వాత సోక్రటీసు తనకు ప్రేమ గురించి నేర్పింది డయోటిమా అనే స్త్రీ అంటాడు. ఆమె మాట ఆ గదిలోకి వస్తుంది. ఆమె రాదు.

మేం నలుగురం నెలకోసారి హైదరాబాదులో ఒక మైక్రోబ్రూవరీలో కలుస్తాం. ముగ్గురం పాఠాలు చెప్పుకునేవాళ్ళం, ఒకామె కథలు రాస్తుంది. ఇళ్ళల్లో కలవొచ్చు కదా అంటారు చాలామంది. ఇంట్లో కలిస్తే ఎవరో ఒకరు టీ పెట్టాలి, పకోడీలు వెయ్యాలి, మాట మధ్యలో కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టాలి. ఇక్కడ అద్దాల వెనక స్టీలు ట్యాంకుల్లో తయారైన గోధుమ బీరు మా ముందుకొస్తుంది. ఎవరం లేవక్కర్లేదు.

ఒకసారి హేమ కమిటీ నివేదిక మీద మాట నడుస్తోంది. మలయాళ సినిమా పరిశ్రమలో స్త్రీల పరిస్థితి మీద 2017లో వేసిన కమిటీ, 2019 డిసెంబరులో నివేదిక ఇస్తే, అది 2024 ఆగస్టులో గానీ బయటికి రాలేదు. సాక్ష్యమిచ్చిన స్త్రీల గోప్యత కోసమని ఒక సమాధానం. డయోటిమా కథని తిరగేసినట్టుంది ఇది. స్త్రీలు గదిలోకి వెళ్ళారు, వాళ్ళ మాట బయటికి రాలేదు.

సరిగ్గా అప్పుడే మా నెల్లూరు స్నేహితురాలికి ఫోనొచ్చింది. "యాడుండావు?" అని వాళ్ళమ్మ. "సెమినార్లో ఉండా మా" అంది. ముగ్గురం పడీ పడీ నవ్వాం. ప్లేటో లెక్కన అది అబద్ధం కూడా కాదు! ఆమె మాత్రం నవ్వలేదు. వాళ్ళమ్మ 1992లో సారా కొట్టు ముందు బైఠాయించిన మనిషి.

దూబగుంట సంగతి మనకి కొత్త కాదు. రాత్రి బడిలో చదివిన పాఠం నుంచి అందుకున్న ఆ పోరాటం 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా నడిచింది. 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. మరి ఆ తల్లి కూతురు బీరు తాగడం ద్రోహమా?

మాలో పెద్దది, మేం అక్కా అని పిలిచే ఆవిడ, ఒప్పుకోలేదు. "మా నాయనమ్మ నాటేసొచ్చి ఇంత కల్లు తాగి పండేది. ఎవర్నన్న అడిగి తాగిందా? తాగని ఆడది పతివ్రత అన్నది మీ ఇండ్ల లెక్క" అంది. 'మీ ఇండ్ల' అన్నప్పుడు నావైపే చూసింది. సారాకి ఎదురుతిరిగిన స్త్రీలని సంసారాల్ని కాపాడే దేవతలుగా చూపించడాన్ని సూసీ తారు, తేజస్విని నిరంజన 90లలోనే ప్రశ్నించారు.

అక్క మాటతో నాకు సగమే ఏకీభావం. 2009 జనవరిలో మంగళూరు పబ్బులో అమ్మాయిల్ని కొట్టిన వాళ్ళూ సంస్కృతి గురించే మాట్లాడారు. ఆ అమ్మాయిల పక్కన నిలబడటంలో నాకు ఏ సందేహమూ లేదు. కానీ హక్కు అన్నంత మాత్రాన లెక్క తీరదు. నెల్లూరు స్త్రీలు అడిగింది తాగొచ్చా, కూడదా అని కాదు. ఎవరి కూలి ఎవరు తాగుతున్నారు, మంచినీళ్ళు రాని ఊరికి సారా ప్యాకెట్లు ఎలా వస్తున్నాయి, ఆ డబ్బు ఎక్కడికి పోతోంది అని. ఇవాళ బెల్టు షాపులున్న ఏ ఊళ్ళోనైనా అవే ప్రశ్నలు అడగొచ్చు.

మా బల్లకి గ్లాసులు తెచ్చే అమ్మాయి ఉద్యోగానికీ ఒక చరిత్ర ఉంది. మద్యం అమ్మేచోట స్త్రీలు పని చెయ్యకూడదన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ చట్టం నిబంధన చెల్లదని 2007లో, అనుజ్ గార్గ్ కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. రక్షణ పేరుతో స్త్రీలని ఆపడం కాదు, పనిచేసే చోటుని సురక్షితం చెయ్యాలంది. మంచి తీర్పు. కానీ ఆ అమ్మాయి దగ్గరికి రాగానే మా కథకురాలు గొంతు తగ్గిస్తుంది. పనిచోట వేధింపుల గురించి ఆమెకి తెలియనిది మేమేం చెప్పగలం? మేం లేవకుండా మాట్లాడుకోగలిగేది ఆమె నిలబడి ఉండటం వల్లే. తెల్లవారుజామున ఏ బండిలో ఇంటికెళ్తుందో మా నలుగురిలో ఒక్కరికీ తెలీదు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నా స్నేహితురాలు వాళ్ళమ్మకి బీరు సంగతి చెప్పేసింది. ఆవిడ కాసేపు మాట్లాడలేదట. తర్వాత "దుడ్లు ఎవరివి?" అని అడిగిందట. "నావే" అంది ఈమె. "కూలికి పొయ్యేవోళ్ళు గూడా ఆడికొస్తారా?"

"వాళ్ళు రాలేరు మా, అక్కడ రేట్లెక్కువ."

"మరి వాళ్ళు యాడికి పోతారు?" అందట ఆవిడ.