మళ్లీ బలపం పట్టడం

విద్య వినయాన్ని ఇస్తుందని చిన్నప్పటి నుంచీ వింటాం. వృత్తుల్లో పండిన వాళ్లను గమనిస్తే మాత్రం చాలాసార్లు ఇందుకు భిన్నంగా కనిపిస్తుంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఎవరినైనా ఏమైనా అడగవచ్చు. తెలియకపోవడం అప్పుడు తప్పు కాదు. పదేళ్లు గడిచేసరికి అదే ప్రశ్న అడగాలంటే నోరు రాదు. ఇరవయ్యేళ్లకు అడగాల్సిన అవసరమే లేదనిపిస్తుంది. హోదాతో పాటు జీతం పెరుగుతుంది, గౌరవం పెరుగుతుంది, తెలియదని చెప్పుకునే స్వేచ్ఛ మాత్రం తగ్గిపోతుంది. అనుభవజ్ఞులు నేర్చుకోవడం మానేసేది తెలివి తగ్గి కాదు, ఈ స్వేచ్ఛ పోగొట్టుకుని. అందుకే వినయాన్ని నేను మర్యాదల్లో ఒకటిగా లెక్కపెట్టను. అది పనికి సంబంధించిన సామర్థ్యం. లోకం మనకంటే కింద నిలబెట్టిన మనిషి దగ్గర కూర్చుని నేర్చుకోగలగడమే దానికి గట్టి పరీక్ష. ఆ పరీక్షలో నెగ్గిన వాళ్లకే వృత్తిలో రెండో పుట్టుక, మూడో పుట్టుక సాధ్యమవుతుందని నా నమ్మకం.

గిడుగు రామమూర్తి పంతులు జీవితాన్ని ఈ దృష్టితో చూడాలి. 1863లో ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోని పర్వతాలపేటలో పుట్టిన ఆయన, 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఆ ఉద్యోగంలోనే గౌరవంగా జీవితం గడిపేయవచ్చు. కానీ ముఖలింగం గుడి శాసనాల్లో ఏముందో తెలుసుకోవాలని ప్రాచీన లిపులు సొంతంగా నేర్చుకున్నారు. ఆ తర్వాత ఆయన దృష్టి చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల మీదకు మళ్లింది. అప్పటికి వాళ్ల భాషకు లిపి లేదు, వ్యాకరణ గ్రంథం లేదు. తెలుగూ సవరా రెండూ మాట్లాడగలిగిన ఒకరిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి ఆ భాష నేర్చుకున్నారు. చదువుకున్న పంతులు, అందులోనూ అగ్రవర్ణంలో పుట్టినవాడు, అడవి మనుషులని నాగరికులు తీసిపారేసిన వాళ్లకు శిష్యుడు కావడం ఆ కాలంలో ఎంత అరుదైన సంగతో ఊహించుకోవాలి. మన్యంలో తిరిగి తెచ్చుకున్న జ్వరానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నదని ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. అయినా ఆ పని వదల్లేదు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించడానికి పుస్తకాలు రాశారు, బడులు పెట్టించారు.

ఈ శిష్యరికమే ఆయన తర్వాతి జీవితానికి పునాది అయిందని నేను అనుకుంటాను. లిపి లేని భాషను మాట వెంట మాట పట్టుకుని నేర్చుకున్న మనిషికి ఒక సత్యం తెలియకుండా ఉండదు: భాష ముందు జనం నోట ఉంటుంది, వ్యాకరణం తర్వాత వస్తుంది. 1907 ప్రాంతంలో విద్యాశాఖ అధికారి జె.ఎ. యేట్స్, తెలుగువాళ్లు మాట్లాడే భాషకూ పుస్తకాల భాషకూ ఇంత తేడా ఎందుకని ప్రశ్నించినప్పుడు, ఆ ప్రశ్నను చివరిదాకా మోసుకెళ్లిన వాళ్లలో గిడుగు ముందు నిలిచారు. అప్పటికి ఆయనకు నలభై దాటాయి. మిగతా జీవితమంతా వ్యావహారిక భాష కోసం ఊరూరా తిరిగి వాదించారు, 1919లో ‘తెలుగు’ అనే పత్రిక నడిపారు. అలాగని పాత పనిని వదిలిపెట్టలేదు. సవర భాషా వ్యాకరణం 1931లోనూ, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. నిఘంటువు నాటికి ఆయన వయసు డెబ్బై అయిదు. ఈ రోజు మనం పత్రికల్లో చదివే తెలుగు వెనుక ఆ శ్రమ ఉంది.

కింది వాళ్ల దగ్గర నేర్చుకోవడం కష్టం. మెప్పు పొందిన తన పనిని తానే విప్పి చూసుకోవడం ఇంకా కష్టం. గురజాడ అప్పారావు మొదట ఇంగ్లీషులో కవిత్వం రాశారు. ఆయన ‘సారంగధర’ చదివి మెచ్చుకున్న కలకత్తా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ, మాతృభాషలో రాయమని సలహా ఇచ్చారు. ఆ సలహా విన్నారు గనుకనే మనకు ‘కన్యాశుల్కం’ దక్కింది. 1892లో రంగస్థలం ఎక్కి, 1897లో అచ్చయి, పేరు తెచ్చుకున్న నాటకం అది. మరొకరైతే ఆ పేరుతోనే తృప్తిపడేవారు. గురజాడ దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకుని, పెంచి, మార్చి, 1909లో దాదాపు కొత్త నాటకంగా బయటికి తెచ్చారు. మనం ఇప్పుడు చదివేది, ఆడేది ఆ రెండో కూర్పునే. జనం బాగుందన్న దాన్ని తాను చాలదనుకోవడంలో ఆత్మన్యూనత లేదు. చప్పట్లకంటే పనిని పెద్దదిగా చూడగలగడం ఉంది.

ఇది మన ప్రాంతానికో సాహిత్యానికో పరిమితం కాదు. భూగర్భ శాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్నాక చార్లెస్ డార్విన్, జీవజాతుల గురించి మాట్లాడే అర్హత సంపాదించడానికి 1846 నుంచి ఎనిమిదేళ్లు సముద్రపు రాళ్లను అంటిపెట్టుకుని బతికే బార్నకిల్స్‌ని పరిశీలించాడు. తర్వాత లండన్‌లో పావురాలు పెంచేవాళ్ల సంఘాల్లో చేరి, శాస్త్ర సభల్లో పెద్దగా చోటు లేని ఆ మనుషులను అడిగి జాతుల్లో మార్పుల సంగతి తెలుసుకున్నాడు. ఆ పావురాలే 1859లో వచ్చిన ఆయన మహాగ్రంథం మొదటి అధ్యాయంలో సాక్ష్యంగా నిలిచాయి.

ఇలా మారుతూ పోతే దేనిలోనూ లోతు రాదని కొందరంటారు. ఆ భయం అర్థంలేనిది కాదు. గాలివాటుగా రంగాలు మార్చేవాళ్లకు ఏదీ వంటబట్టదు. కానీ పైన చెప్పిన వాళ్లెవరూ పాతదాన్ని పారేసి కొత్తదాన్ని ఎత్తుకోలేదు. గిడుగు శాసనాల నుంచి సవరకు, సవర నుంచి తెలుగు వచనానికి వచ్చినా, భాష అనే ఒకే గనిని లోతుగా తవ్వుతూ వచ్చారు. ఒక ప్రశ్న తనను ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్లడం వేరు, ఏ ప్రశ్నా లేకుండా ఊళ్లు మారడం వేరు. మొదటిదాంట్లో మార్పు లోతును పెంచుతుంది.

వినయం పేరుతో మనుషులను అణిచేస్తారనే అభ్యంతరం ఇంకా బలమైనది. అణకువగా ఉండమనే హితవు ఎప్పుడూ కింది ఉద్యోగికీ, ఆడవాళ్లకూ, చిన్న కులాలుగా ముద్రపడిన వాళ్లకే ఎందుకు చెబుతారు? ఆ అణకువను నేను వినయం అనను. పుస్తకాల భాషే ఉండాలన్న గ్రాంథికవాదులతో గిడుగు జరిపిన పోరులో మెత్తదనం కనిపించదు. పండితుల రచనల్లోనే వాళ్లు నమ్మిన నియమాలు ఎక్కడెక్కడ తప్పాయో పట్టి చూపించారు. సాక్ష్యం ముందు తల వంచినవాడు హోదా ముందు వంచనక్కర్లేదు. కాబట్టి వినయం నేర్చుకోవాల్సింది ముందుగా పైన కూర్చున్నవాళ్లు. కింద ఉన్నవాళ్లకు కావలసింది తెలిసింది చెప్పగల ధైర్యం.

చివరి అభ్యంతరం ఈ కాలానిది. ఏడాదికో కొత్త సాంకేతికత వస్తుంటే, నడివయసులో ఉద్యోగం పోయిన మనిషికి నిన్ను నువ్వు మార్చుకో అని చెప్పడం క్రూరం కాదా? చేతులు దులుపుకోవడానికి యాజమాన్యాలు చెబితే తప్పకుండా క్రూరమే. నేర్చుకోవడానికి తీరిక కావాలి, తప్పులు చేసే వెసులుబాటు కావాలి, ఈలోగా ఇల్లు గడవాలి. గిడుగుకు నెలనెలా బడి జీతం ఉంది, డార్విన్‌కు తండ్రి ఆస్తి ఉంది. అది లేనివాళ్లకు ఆ వెసులుబాటు కల్పించే బాధ్యత పని చేయించుకునే సంస్థలది, ప్రభుత్వాలది. వ్యక్తి సుగుణాన్ని చూపించి వ్యవస్థ తన బాధ్యత తప్పించుకోకూడదు.

ఈ మినహాయింపు ఇచ్చాక కూడా, స్థిరమైన ఉద్యోగమూ పేరూ ఉన్నవాళ్లు చేయాల్సింది మిగిలే ఉంటుంది. ఈ ఏడాది నేను ఎవరి దగ్గర నేర్చుకున్నాను, వాళ్లలో నాకంటే చిన్నవాళ్లు, నాకంటే తక్కువ జీతం అందుకునేవాళ్లు ఎందరు అని అనుభవజ్ఞులు ఏటా తమను తాము అడగాలి. డాక్టర్ నర్సును, ఇంజనీరు మేస్త్రీని, ప్రొఫెసర్ విద్యార్థిని, సంపాదకుడు కొత్త విలేకరిని నిజంగా తెలుసుకోవడానికే అడిగే చోట వృత్తి బతికి ఉంటుంది. జవాబులో ఒక్క పేరూ రాకపోతే, ఆ మనిషి ఎంత పెద్ద పదవిలో ఉన్నా ఎదుగుదల ఆగిపోయిందని ఒప్పుకోవాలి. ఒప్పుకున్న రోజునే మళ్లీ మొదలుపెట్టవచ్చు.