బద్ధకం అనే తీర్పు

మనిషిని బద్ధకస్తుడు అంటే దానికో అర్థం ఉంటుంది. చేస్తానని ఒప్పుకున్నాడు, చేసే శక్తి ఉంది, అయినా చేయట్లేదు. గుర్రం విషయంలో ఆ ఒప్పుకోవడం అనేది ఎప్పుడూ జరగలేదు. శక్తి ఉందో లేదో చాలాసార్లు ఎవరూ చూడరు. అయినా స్వారీ నేర్పే చోట ఓ పావుగంట నిలబడితే చాలు, ఏదో ఒక గుర్రం గురించి ఈ మాట వినిపిస్తుంది.

ఏడాదిగా శని, ఆదివారాల్లో హైదరాబాద్ శివార్లలో స్వారీ నేర్చుకుంటున్నాను. అక్కడ నాలుగేళ్ళ గోధుమరంగు గుర్రం ఒకటుంది. జీను వేస్తే ఊరుకుంటుంది, ఎక్కితే ఊరుకుంటుంది, కదలమంటే మాత్రం నాలుగడుగులు వేసి ఆగిపోతుంది. "అన్నా, ఇది ఉత్త మొండిది. రెండు తగిలిస్తే గానీ కదల్దు" అంటాడు దాన్ని చూసుకునే సైసు. కోపంగా కాదు, ఇంట్లో చదవని పిల్లాడి గురించి చెప్పినట్టు. కానీ ఆ మాట మీద చాలా ఆధారపడి ఉంది. స్వారీకి పనికిరాదని తేలితే దాన్ని అమ్మేస్తారు. తర్వాత అది పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మోత మధ్య నిలబడుతుందో, ఎక్కడ బండి లాగుతుందో ఎవరికీ పట్టదు. గుర్రం పాతికేళ్ళు బతుకుతుంది. ఇరవై ఏళ్ళ బతుకుని ఒక్క విశేషణం తేల్చేస్తుందన్నమాట.

బద్ధకం అనే మాటతో వచ్చే చిక్కేమిటంటే, అది వెతకడాన్ని ఆపేస్తుంది. కారణం గుర్రం స్వభావంలోనే దొరికిపోయింది కాబట్టి ఇక వేరే చోట చూడక్కర్లేదు. చూస్తే చాలానే కనిపిస్తాయి. గుర్రం వెన్నెముక పూర్తిగా ముదరడానికి ఐదేళ్ళు దాటుతాయి. అంటే నాలుగేళ్ళ గుర్రం మనల్ని మోస్తున్నది ఇంకా ఎదుగుతున్న వీపు మీద. దాని కడుపులో ఆమ్లం మేత ఉన్నా లేకున్నా ఊరుతూనే ఉంటుంది, ఎందుకంటే అది రోజులో ఎక్కువ భాగం మేస్తూ తిరిగే జంతువు. రెండు పూటలా దాణా వేసి మిగతా సమయం కొట్టంలో కట్టేస్తే కడుపులో పుండ్లు పడటం మామూలే. ఇంకా పళ్ళు, డెక్కలు, సరిపడని జీను, మన ఎండలు. పైగా వేటాడబడే జంతువు కాబట్టి నొప్పిని దాచుకోవడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య.

స్యూ డైసన్ అనే బ్రిటిష్ పశువైద్యురాలు, ఆమె సహచరులు 2018లో ఒక జాబితా ప్రచురించారు. స్వారీలో ఉన్న గుర్రానికి నొప్పి ఉందేమో పోల్చుకోవడానికి 24 లక్షణాలు. వాటిలో 8 గానీ అంతకుమించి గానీ కనిపిస్తే నొప్పి ఉండే అవకాశం ఎక్కువ. ముందుకు కదలడానికి ఇష్టపడకపోవడం, కాలితో పొడిస్తే గానీ నడవకపోవడం కూడా ఆ జాబితాలో ఉంది. ఆ ఒక్కటీ కనిపిస్తే నొప్పి ఉన్నట్టే అని కాదు. కానీ మనం గుణం అని రాసుకున్నదాన్ని వైద్యురాలు లక్షణం అని రాసుకుంది.

శరీరం బాగానే ఉందనుకుందాం. అప్పుడు మన కాళ్ళ సంగతి చూడాలి. గుర్రానికి నేర్పడం అంటే డొక్కల మీద కాస్త ఒత్తిడి పెట్టి, అది కదిలిన క్షణమే ఆ ఒత్తిడి తీసేయడం. ఆ తీసేయడమే జవాబు. వారానికి పదిమంది కొత్తవాళ్ళు ఎక్కి, నడిచినా నిలబడినా ఒకేలా పొడుస్తూ ఉంటే గుర్రం ఏం నేర్చుకుంటుంది? తను ఏం చేసినా మారేదేమీ లేదని. ఇక వినడం మానేస్తుంది. దాన్ని మొద్దుబారడం అనొచ్చు గానీ, ఆ పరిస్థితిలో అది సరైన నిర్ణయమే.

ఇంతవరకూ మంచి శిక్షకులు ఎవరైనా ఒప్పుకుంటారు. నన్ను ఇబ్బంది పెట్టేది దీని తర్వాతి మెట్టు. రెండువేల మూడొందల ఏళ్ళ క్రితమే గ్రీకు సేనాని జెనొఫన్ గుర్రాన్ని బలవంతపెట్టొద్దని రాశాడు. కొట్టి ఆడిస్తే నాట్యం ఎంత అందంగా ఉంటుందో ఇదీ అంతే అని ఆయన వాదన. బాగుంది. కానీ ఆయన దృష్టి కూడా స్వారీ అందం మీదే. నొప్పి తగ్గించు, మేత మార్చు, మెల్లగా అడుగు, అప్పుడు హుషారుగా పరిగెడుతుంది అంటాం మనమూ. దయ కూడా పని రాబట్టుకునే పనిముట్టే అయింది. అన్నీ సరిచేశాక కూడా ఆ గుర్రానికి పరిగెత్తాలని లేకపోతే? అప్పటికీ మన దయ మిగులుతుందా?

దీనికి శిక్షకుడి దగ్గర జవాబుంది, అది తేలిగ్గా తీసేసేది కాదు. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు కదా సార్" అంటాడు. గడ్డి, దాణా, లాడాలు, సైసు జీతం. దాన్ని వదిలేయడానికి అడవేమీ లేదు. మనుషుల మధ్య బతికే గుర్రానికి పనే బతుకుతెరువు. నిజమే.

అందుకే పని అడగకూడదు అనను. అడగొచ్చు, కానీ ఉత్సాహం అడిగే హక్కు మనకు లేదనుకుంటాను. మోయడం ఒకటి, మోయడాన్ని ప్రేమించమనడం ఇంకొకటి. ఆఫీసుల్లో మనకిది బాగా తెలుసు. పని పూర్తి చేస్తే సరిపోదు, కళ్ళల్లో మెరుపు కూడా కనిపించాలి, లేకపోతే మోటివేషన్ తక్కువని అప్రైజల్లో రాస్తారు. మనం రాజీనామా చేయగలం. గుర్రానికి ఉన్న రాజీనామా ఒక్కటే, ఆగిపోవడం. ఆ ఒక్కదానికీ జవాబు బెత్తమే అయితే దానికి భాషే లేకుండా చేసినట్టు.

కాబట్టి ఆగినప్పుడల్లా ఏదో ఒకటి మారాలి. ఓరోజు గంట బదులు ఇరవై నిమిషాలు. ఓరోజు ఇసుక మైదానంలో గిరగిరా తిప్పడం మాని గట్టు వెంట నడక. ఓరోజు జీను దించేయడం. ఆ గుర్రం ఎప్పటికైనా దౌడు తీస్తుందా అని అడిగితే చెప్పలేను. తీయకపోయినా దాన్ని దోషిలా చూడకూడదు, అమ్మకానికి పెట్టేముందు పశువైద్యుడికి చూపించాలి. ఆ వైద్యుడి ఫీజు దాని మీద ఎక్కే మాలాంటివాళ్ళం తలా కొంత వేసుకుని కట్టడం న్యాయం. దాని వీపు మీద గడిపే ప్రతి గంటకీ డబ్బు కడుతున్నాం. ఆ గంటలో దానికి రావలసిన వాటా ఇంతవరకూ ఎవరూ లెక్కగట్టలేదు.