వలిసె చేను గట్టు మీద

కొండ అందం చూడ్డానికి కొండతో ఏ అవసరమూ లేనివాడే తగునా? సాలూరు ఘాట్ రోడ్డు ఎక్కిన ప్రతిసారీ ఈ ప్రశ్న నా పక్క సీట్లో కూర్చుంటుంది.

విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు దాకా 26వ నంబరు జాతీయ రహదారి సాదాగానే పోతుంది. (పాతవాళ్ళకి అదింకా 43వ నంబరే. సాలూరు కూడా 2022 ఏప్రిల్ దాకా విజయనగరం జిల్లాదే, ఇప్పుడు పార్వతీపురం మన్యంలోకి వెళ్ళింది.) ఊరు దాటాక తూర్పు కనుమలు మొదలవుతాయి. మలుపు మీద మలుపు. చెవులు మూసుకుపోతాయి, గాలి చల్లబడుతుంది. సుంకి దగ్గర ఒడిశా, అక్కణ్ణుంచి పొట్టంగి, సిమిలిగుడ, కొరాపుట్. కార్తీకంలో వెళ్తే వాలు వాలంతా వలిసె పువ్వు, పసుపు ఆరబోసినట్టు.

అందాన్ని అందంగా చూడాలంటే ఆ వస్తువు వల్ల మనకి ఏ ప్రయోజనమూ ఉండకూడదన్నాడు కాంట్, 1790లో. అదే పుస్తకంలో ఆల్ప్స్ కొండల రైతు ఒకడు వస్తాడు. మంచుకొండల మీద మోజుపడే వాళ్ళందరూ వెర్రివాళ్ళని అతని అభిప్రాయం. సంస్కారం అలవడని మనసుకి ఆ ఎత్తుల్లో కష్టమూ ప్రమాదమూ తప్ప మరేం కనబడదని కాంట్ వివరణ. కోనిగ్స్‌బర్గ్ పరిసరాలు దాటి పెద్దగా ఎక్కడికీ వెళ్ళని పెద్దమనిషి కొండరైతు చూపుకి మార్కులు వేయడం నాకు కొంచెం నవ్వు తెప్పిస్తుంది.

అయినా తీసిపారెయ్యలేం. సాలూరంటే లారీల ఊరు. బరువుతో ఘాట్ దిగే డ్రైవరు చిన్న గేరులోనే రావాలి. బ్రేకు మీద కాలు అలాగే ఉంచితే డ్రమ్ములు కాలి, కావలసినప్పుడు బ్రేకు పట్టదు. అతనికి లోయ వైపు చూసే తీరికెక్కడిది? ఇక్కడిదాకా కాంట్ మాటే నెగ్గింది.

కిందటి కార్తీకంలో పొట్టంగి దగ్గర ఒక వలిసె చేను పక్కన ఆగాం. ఫోటో కోసం నా స్నేహితుడు చేలోకి దిగబోతే, గట్టు మీదున్న ఒకావిడ అడ్డం వచ్చింది. మనిషికి పది రూపాయలంది. సరిహద్దు కదా, తెలుగు బాగానే వచ్చు.

"పువ్వుకి కూడా టిక్కెట్టా?" అన్నాడు వాడు.

"పువ్వుకి కాదు బాబూ. మీరు తొక్కీసిన పువ్వుకి గింజ కట్టదు. గింజ నేకపోతే నూనె ఎక్కడొత్తాది? గట్టు మీద నిలబడి చూడండి, చూడ్డానికి డబ్బులేటి? ఈ ఏడు పువ్వు బాగుంది కూడాను."

ఆ 'బాగుంది' అన్నమాట నన్ను వదల్లేదు. పంట బాగుందనా, చూపుకి బాగుందనా? ఆవిడ నోట్లో అవి రెండు మాటలు కావు. పోయినేడు పువ్వు ఎంత పల్చగా పడిందో, వాన ఏ వారం మొహం చాటేసిందో తెలిసిన కళ్ళతో చూస్తోంది. నాకున్నది ఒక్క పూట, ఒక్క పసుపు రంగు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ చూశారంటే, ఆవిడే అంటాను. లారీ డ్రైవరు చూపుకి అడ్డం వచ్చింది తీరిక లేకపోవడం. దాన్ని అవసరం ఖాతాలో రాశాడు కాంట్.

అసలు చిక్కు ఇంకో చోట ఉంది. ఈ రోడ్డుకి పక్కగా, లోపలి కొండల మీద, రోడ్డు లేని ఊళ్ళున్నాయి. అక్కడ నెలలు నిండిన ఆడవాళ్ళని డోలీ కట్టి కిందికి దించుతారు. ఆ కొండల్నే మనం 'ఇంకా చెయ్యి పడని అందం' అని మెచ్చుకుంటాం. వాలు మీద ఎర్రమట్టి గీత పడితే, అయ్యో పాడుచేశారే అని నిట్టూరుస్తాం. మా స్నేహితుడు ఆరోజే అలా నిట్టూర్చాడు. నా మటుకు నాకు, డోలీ భుజానికెత్తని వాళ్ళకి ఆ నిట్టూర్పు మీద హక్కు లేదు. రోడ్డు పడ్డాక దానెంట మన కార్లూ, ఫోన్లూ, చేలో పారేసే ప్లాస్టిక్ ప్లేట్లూ ఎక్కుతాయన్నదీ నిజమే. పైవాళ్ళకి ఆ సంగతి తెలియక కాదు. గీత ఎందాకా వచ్చిందని, కింద నుంచి వచ్చిన జీపు డ్రైవర్ని వాళ్ళు అడగడం నేను విన్నాను.