సమత్వమునకు భిన్నత్వము విరోధియా?

కర్మాగారమైనను, కార్యాలయమైనను, పదిమంది పనిచేయుచోట అందరికిని ఒకే ఏర్పాటుండుట న్యాయమని సామాన్యముగా తలంతురు. ఒకే భోజనము, ఒకే వేషము, ఒకే భాషలో ప్రకటనలు. ఇందు పక్షపాతమేమియు కానరాదు. కాని ఆ ఏర్పాటు ఎవరి అలవాటు ననుసరించినదని విచారించిన, అది తరచుగా అచటి అధికసంఖ్యాకులదేయని తేలును. తక్కినవారికి అది భారమగును.

మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ఈ సంగతిని కొంత గుర్తించినది. త్రాగునీరుండు తావులను కార్మికులలో అధికసంఖ్యాకులకు తెలియు భాషలో సూచింపవలెనని దాని 18వ సెక్షను విధించినది. మంచిదే, కాని మిగిలిన కొద్దిమంది గతి యేమి? నేడు హైదరాబాదున భవనములు కట్టువారిలో బీహారు, ఒడిశా, జార్ఖండు రాష్ట్రములనుండి వచ్చినవారనేకులు. విద్యుత్తు తీగలచెంత తెలుగున వ్రాసిన హెచ్చరిక, ఒడియా మాత్రమే చదువనేర్చినవానికి గోడమీది గీతలతో సమానము. అచట ఒక పుఱ్ఱె బొమ్మయు, అతని భాషలో ఒక పంక్తియు చేర్చుటకగు వ్యయము స్వల్పము. చేర్చకున్న పోవునది ప్రాణము.

వేషము విషయమున చిక్కు మరింత అధికము. కెనడా సుప్రీంకోర్టు 1985లో, తలపాగా ధరించు ఒక సిక్కు రైల్వే ఉద్యోగి సైతము రక్షణ టోపీ పెట్టుకొనవలసినదేయని తీర్పు చెప్పినది. బ్రిటను 1989లో చేసిన చట్టము కట్టడపు పనులలోని అట్టి సిక్కులకు ఆ నియమమునుండి మినహాయింపు నిచ్చినది. 2015లో దానిని ఇతర పనిచోట్లలో పెక్కింటికి విస్తరించినది. దెబ్బ తగిలిన ముఖ్యముగా బాధపడువాడు ధరించినవాడే కనుక, ఈ రెండవ మార్గమున న్యాయము కొంత అధికముగా కనిపించును.

అట్లని ఆచారమను పేరుతో వచ్చు ప్రతి కోరికకును తావీయవలెనా? ఒకడు మాంసము తిననన్నచో అతని వంటకు వేరు పాత్ర, వేరు గరిటె ఉంచవచ్చును. ఫలానా కులమువాని ప్రక్కన కూర్చుండి తిననన్నచో వేరు పంక్తి వేయరాదు. మొదటిది అతడు తనకు తాను విధించుకొన్న నియమము. రెండవది తోటివానికి చేయు అవమానము. రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే, 12వ శతాబ్దిలో, కల్యాణమున బట్టలుదుకు మడివాలు మాచయ్యయు, పడవ నడపు అంబిగర చౌడయ్యయు ఇతర శరణులతో సరిసమానముగా గోష్ఠిలో పాల్గొనిరి. వారి కాయకములు వేరైనను గౌరవము వేరు కాలేదు.

కావున పనిచోటును ఏర్పరచు యజమాని ప్రతి కోరికయెడను ఒక విషయము విచారింపవలెను: ఈ ఆచారము కోరినవానిని బంధించుచున్నదా, లేక ఇతరుని దూరముంచుచున్నదా? మొదటిదైన, ఇతరులకు ప్రమాదము లేనంతవరకు తావు కల్పింపవలెను. రెండవదైన, కోరువారు ఎందరున్నను నిరాకరింపవలెను. వంటశాల, స్నానపుగది, హెచ్చరిక పలక ఏర్పరచుటకు ముందే, వానిని వాడుకొనబోవు కార్మికులను పిలిచి వారి అవసరములను అడిగి తెలిసికొనుట అతని ప్రథమ కర్తవ్యము.