గింజ ఎందుకు గంతులేస్తుంది?

క్రిందటి మాఘమాసంలో విద్యార్థులతో అరకులోయ వెళ్లాను. వారిలో ఒకడు, అమెరికానుంచి మేనమామ తెచ్చాడంటూ, ఒక డబ్బీ తెరిచి ఎండ కాస్తున్న రాతి అరుగుమీద నాలుగు గింజలు పోశాడు. కాసేపటికి అవి కదిలాయి, దొర్లాయి. ఒకటి గంతు కూడా వేసింది. పిల్లలు చప్పట్లు చరిచారు. నేనూ చరిచాను.

అవి మెక్సికో గింజలు. నిజానికి గింజలు కావు. సొనోరా ప్రాంతపు కొండల్లో పెరిగే, ఆముదం కుటుంబానికి చెందిన ఒక పొద కాయల ముక్కలు. లోపల ఒక చిమట పిల్లపురుగు ఉంటుంది. విత్తనాన్ని తినేసి, ఆ డొల్లలోనే పట్టుదారం అల్లుకుని బతుకుతుంది. వేడి సోకితే ఒళ్లు విదిలించి గోడకు కొట్టుకుంటుంది. దానికి దిక్కు తెలియదు. అయినా అలా ఎటుపడితే అటు కదలడంవల్లనే ఎప్పటికైనా నీడ దొరికే అవకాశం మిగులుతుందని 2023లో సియాటిల్ భౌతికశాస్త్రజ్ఞులు లెక్కకట్టి చూపారు. ఆలమోస్ పట్టణం ఈ గింజలకే పేరుపడింది. అక్కడినుంచి అవి డబ్బీల్లో అమెరికా అంగళ్లకు చేరి ఆటవస్తువులయ్యాయి. అరచేతి వెచ్చదనానికి గింజ ఎగిరితే కొన్నవాడికి సంతోషం.

తెలియక చరిచిన చప్పట్లు తప్పా? కాదనే అనుకుంటాను. పురుగుకు బాధ ఉందో లేదో శాస్త్రం తేల్చాలి. కాని కారణం అడగకుండా కదలికను వినోదంగా స్వీకరించే అలవాటు నాది. దాని సంగతి నేనే తేల్చుకోవాలి.

ఆ సాయంకాలం ధింసా చూశాము. మనుషులను పురుగులతో పోల్చే పాపానికి నేను ఒడిగట్టను. పండుగలకూ పెళ్లిళ్లకూ గిరిజనులు తమకోసం తాము ఆడుకునే నాట్యమది. నేను పోల్చేది చూసేవాళ్లను. పొద్దున గింజలకు చరిచిన చప్పట్లే సాయంత్రం ఆ స్త్రీలకూ చరిచాము. వాళ్ల ఊరేది, రోజంతా ఏం పని చేసి వచ్చారు అని ఒక్కరమూ అడగలేదు.

అదే లోయలో 2025లో కాఫీకాయలను తొలిచే పురుగు బయటపడింది. ఆ గింజ ఎగరదు, కనక దాని చుట్టూ ఏ యాత్రికుడూ మూగడు. పోయేది మాత్రం గిరిజన రైతు ఏడాది రాబడి. ఎగిరేదాన్నే చూడడం నేర్చిన కంటికి ఈ నష్టం ఎలా ఆనుతుంది?

మర్నాడు పిల్లలకు గింజలోని సంగతంతా చెప్పాను. డబ్బీ తెచ్చిన కుర్రవాడు మాట్లాడకుండా దాన్ని నీడలోకి జరిపాడు. కొంతసేపటికి గింజలు నిలిచిపోయాయి.

"ఆట అయిపోయింది, మేష్టారూ," అన్నాడు వెనకనుంచి ఒకడు.

"ఆట కాదురా," అన్నాడు ఆ కుర్రవాడు.